చెల్లాచెదురు పొలాల లెక్క: ఆండీస్ కొండల్లో క్వెచువా గ్రామ జీవితం

పెరూ దేశపు దక్షిణ భాగంలో, కుస్కో నగరానికి కొద్ది దూరంలో, ఉరుబంబ నది లోయలో పిసాక్ అనే చిన్న పట్టణం ఉంది. సముద్రమట్టానికి దాదాపు మూడు వేల మీటర్ల ఎత్తున ఉన్నా, అక్కడివారి లెక్కలో అది పల్లపు ప్రాంతమే. ఆ పట్టణానికి పైనున్న కొండవాలుల్లో అమారు, సకాకా, పారు పారు, పంపయక్త, చవయ్‌తిరె అనే రైతు గ్రామాలున్నాయి. అక్కడి వారి భాష క్వెచువా; తమలో తాము దాన్ని రునసిమి అంటారు. 2017 జనగణనలో పెరూలో 37 లక్షల మందికి పైగా దాన్ని మాతృభాషగా నమోదు చేయించుకున్నారు. బొలీవియాలోనూ ఈక్వడార్‌లోనూ మరిన్ని లక్షల మంది ఆ భాషాకుటుంబంలోని మాటల్లోనే బతుకుతున్నారు.

ఈ గ్రామాల్లో ఒక రైతును మీ పొలం ఎక్కడని అడిగితే ఆయన ఒక దిక్కుకు చెయ్యి చూపలేడు. కింద మొక్కజొన్న వేసే ముక్క ఒకటి, ఆ పైవాలులో బార్లీకీ చిక్కుడు గింజలకూ రెండు మూడు, ఇంకా పైన బంగాళదుంపలకు మరికొన్ని ఉంటాయి. అవి ఒకదాన్నొకటి ఆనుకుని ఉండవు. ఒకదాని నుంచి ఇంకొకదానికి గంటసేపు కొండ ఎక్కవలసి రావచ్చు. బయటి నుంచి వచ్చిన వ్యవసాయ నిపుణుల్లో చాలామందికి ఇది వెనుకబాటుతనంగా కనబడింది. కమతాలను ఒక్కచోటికి చేరిస్తే శ్రమ తగ్గి దిగుబడి పెరుగుతుందని వారు సలహా ఇస్తూ వచ్చారు. యాత్రికుల కోసం రాసేవారేమో ఇదే జీవితాన్ని, స్పానిష్‌వారు రాకముందు ఆండీస్‌ను ఏలిన ఇన్కాల నుంచి వచ్చిన, కాలం తాకని వారసత్వంగా వర్ణించారు. ఈ రెండు చూపులూ గ్రామాన్ని తప్పుగానే చూపిస్తాయి. పొలాల అమరిక, శ్రమ మార్పిడి, కొండకు పెట్టే నైవేద్యం, ఎండబెట్టి దాచిన దుంప అనే వాటిని విడివిడిగా పరిశీలించినంత కాలం వాటిలో ఏదీ సరిగా బోధపడదు. నష్టమంతా ఒకే కుటుంబం మీద, ఒకే ఏడాది మీద పడకుండా పంచే ఏర్పాటులో ఇవన్నీ భాగాలు. ఆ ఏర్పాటు పాతదే అయినా దాని ప్రస్తుత రూపం చాలావరకు ఇటీవలిది, ఇంకా మారుతూనే ఉంది.

ముందుగా ఎత్తు సంగతి చూడాలి. వంద మీటర్లు పైకి వెళ్ళిన కొద్దీ ఉష్ణోగ్రత సగటున 0.6 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. పిసాక్ నుంచి 4,500 మీటర్లు దాటిన పై అంచుల వరకు ఎక్కితే తొమ్మిది డిగ్రీలకు పైగా తేడా వస్తుంది. అంటే ఒక పూట నడకలోనే కొన్ని వాతావరణాలు మారిపోతాయి. సుమారు 3,400, 3,500 మీటర్ల వరకు మొక్కజొన్న పండుతుంది. దానిపైన బంగాళదుంపలతో పాటు ఒకా, ఉల్యుకు, మష్వా అనే మరో మూడు రకాల ఆండీస్ దుంపజాతులు పెరుగుతాయి. నాలుగు వేల మీటర్లు దాటాక చలిని ఓర్చుకునే చేదు దుంపలు తప్ప వేరేవి నిలవడం కష్టం. అక్కడి నుంచి పూనా అనే గడ్డినేల మొదలవుతుంది. లామాలూ అల్పకాలూ గొర్రెలూ అక్కడ మేస్తాయి. ఆండీస్ ప్రజలు ఈ వేర్వేరు ఎత్తుల పంటల కోసం బజారు మీద ఆధారపడకుండా, ఒకే సముదాయం అన్ని ఎత్తుల్లోనూ నేలను తన చేతిలో ఉంచుకోవడానికి ప్రయత్నించిందని మానవశాస్త్రవేత్త జాన్ ముర్రా 1972లో ప్రతిపాదించాడు. ఆయన వాదనలోని వివరాల మీద తర్వాత ఎంతో చర్చ జరిగింది. అయినా ఆండీస్‌ను అర్థం చేసుకోవాలంటే పటాన్ని నిలువుగా చదవాలన్న ఆయన సూచన నేటికీ నిలిచే ఉంది.

ఎత్తుల తేడా ఒక్కటే అయితే ప్రతి ఎత్తులో ఒక్కో పొలం చాలు. ఒకే ఎత్తులో కూడా నాలుగైదు ముక్కలు ఎందుకు? కొండల్లో ఆపద అందరికీ ఒకేసారి, ఒకే తీరుగా రాదు గనుక. రాత్రివేళ చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారి గుంటల్లో చేరుతుంది. నీటిని గడ్డకట్టించే చలి ఆ గుంటల్లోని మొక్కలను మాడ్చేస్తుంది. కొద్ది మీటర్ల పైనున్న గట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. వడగళ్ళ వాన ఒక వాలును కొట్టి పక్క వాలును వదిలేస్తుంది. వాన ఎక్కువైన ఏడాది బురదనేలలో దుంప కుళ్ళితే, రాతినేలలో బాగా ఊరుతుంది. ఎక్కడ ఏది వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు కాబట్టి రైతు అన్ని చోట్లా కొంచెం కొంచెం వేస్తాడు. పెరూలోని పునో ప్రాంతంలో కుయో కుయో అనే చోట కరోల్ గోలండ్ అనే పరిశోధకురాలు ఈ అమరికను లెక్కగట్టి చూసింది. విడివిడి పొలాల మధ్య తిరగడానికీ, మోయడానికీ పోయే శ్రమ వల్ల నికర ఉత్పత్తిలో దాదాపు 7 శాతం తగ్గుతోందనీ, అందుకు బదులుగా ఏ ఏడాదైనా తిండికి చాలని పంట వచ్చే అపాయం దాదాపు తొలగిపోతోందనీ ఆమె తేల్చింది. మిగులు పంటను అమ్మి బ్యాంకులో దాచుకోగల రైతుకు ఆ 7 శాతం వృథా అనిపించవచ్చు. పిల్లలను బతికించుకోవడానికి తన పంట తప్ప మరో దిక్కులేని రైతుకు సగటు దిగుబడి కన్నా అన్నిటికంటే చెడ్డ ఏడాది దిగుబడే ముఖ్యం. కమతాల ఏకీకరణను సూచించిన నిపుణులు సగటును చూశారు. రైతు చెడ్డ ఏడాదిని చూశాడు. నా దృష్టిలో సరైన లెక్క వేసినది రైతే.

పొలం లోపలి వైవిధ్యానికి కూడా కారణం ఇదే. ఆండీస్‌లో నాలుగు వేలకు పైగా స్థానిక బంగాళదుంప రకాలున్నాయని లిమాలోని అంతర్జాతీయ బంగాళదుంప కేంద్రం చెబుతుంది. పిసాక్ పైనున్న గ్రామాల్లో ఒక్క కుటుంబమే పదుల రకాలను, చాలాసార్లు ఒకే చేనులో కలిపి నాటుతుంది. లోపల ఊదా రంగువీ, ఎర్ర చారలవీ, పసుపు పచ్చనివీ, సర్పంలా మెలికలు తిరిగినవీ వాటిలో ఉంటాయి. ఒకటి చలికి తట్టుకుంటే మరొకటి తెగులుకు తట్టుకుంటుంది, ఇంకొకటి నీటి ఎద్దడికి తట్టుకుంటుంది. అమ్మకం కోసం వేసే మేలురకాలను విడిగా, ఎరువులు వేసి పండిస్తారు. స్థానిక రకాలు ఇంటి తిండికీ, కానుకలకూ, పనికి వచ్చినవారికి పెట్టే భోజనానికీ ఉంటాయి. అతిథికి బజారు రకం దుంప ఉడకబెట్టి పెట్టడం కన్నా పిండి పిండిగా విచ్చుకునే స్థానిక దుంప పెట్టడం గౌరవం. ముడుతలు ముడుతలుగా, తొక్క తీయడానికి ఎంతో కష్టమైన ఒక రకాన్ని కొత్త కోడలి చేతికిచ్చి ఆమె నేర్పును పరీక్షించేవారని కూడా చెప్పుకుంటారు.

ఇక ఆస్తి సంగతి. ఈ పొలాలు సొంతమా, ఉమ్మడా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. బంగాళదుంపలు పండే పై నేలను గ్రామం కొన్ని పెద్ద భాగాలుగా విడదీసుకుంటుంది. ముయుయ్ లేదా లయ్మి అని పిలిచే ఈ పద్ధతిలో ఏటా ఒక భాగాన్ని దుంపల కోసం తెరుస్తారు. రెండో ఏడు ఆ భాగంలో ఒకా, ఉల్యుకు వంటివి, మూడో ఏడు బార్లీ వంటివి వేసి, ఆపైన కొన్నేళ్ళు బీడుగా వదిలేస్తారు. ప్రతి భాగంలోనూ ప్రతి కుటుంబానికీ తమదని అందరూ ఒప్పుకునే ముక్కలుంటాయి. పంట ఉన్నంత కాలం ఆ ముక్క మీదా, దాని ఫలం మీదా హక్కు ఆ కుటుంబానిదే. బీడు పడ్డాక అదే నేల ఊరందరి పశువులకూ మేత భూమి. ఏ భాగాన్ని ఏ ఏడు తెరవాలో, పశువులను ఎప్పుడు తోలుకుపోవాలో గ్రామసభ నిర్ణయిస్తుంది. కాబట్టి ఒకే నేల కొన్నేళ్ళు ఇంటిది, మరికొన్నేళ్ళు ఊరిది. దీన్ని ఏదో ఒక పెట్టెలో ఇమడ్చబోయిన చట్టాలన్నీ ఇబ్బంది పడ్డాయి.

ఈ చక్రానికి శాస్త్రీయమైన ఆధారం బలంగానే ఉంది. బంగాళదుంప వేళ్ళను పట్టే నులిపురుగులు గుడ్లను గట్టి తిత్తుల్లో దాచుకుని నేలలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. తినడానికి బంగాళదుంప మొక్క దొరకనప్పుడే వాటి సంఖ్య క్రమంగా తగ్గుతుంది. దుంప పంటల మధ్య దీర్ఘకాలం ఎడం ఉండటం వల్ల మందులు లేకుండానే ఆ పురుగు అదుపులో ఉంటుంది. బీడు భూమిలో మేసే పశువుల పేడ నేలకు సత్తువనిస్తుంది. అందరూ ఒకే భాగంలో సాగు చేయడం వల్ల కంచెలూ కాపలా కూడా తేలిక. అయితే జనాభా పెరిగిన చోట్లా, బజారు కోసం ఎక్కువ పండించాలన్న ఒత్తిడి వచ్చిన చోట్లా బీడు కాలాన్ని కుదించారు. కొన్ని గ్రామాల్లో ఈ పద్ధతే రద్దయింది. అలాంటి చోట పురుగు పెరిగి, పురుగుమందుల ఖర్చు పెరిగి, చివరకు పై నేలల సాగు భారమైంది.

ఈ పొలాలన్నిటికీ చాలినంత మనుషులు ఒక్క ఇంట్లో ఎలా దొరుకుతారు? ఈ ప్రశ్నే గ్రామ జీవితపు నడిబొడ్డుకు దారి చూపుతుంది. వానాకాలం చివర, ఫిబ్రవరి, మార్చి నెలల్లో, నేల ఇంకా మెత్తగా ఉండగానే బీడును తిరగదున్నాలి. ఎద్దులు నిలవలేని ఏటవాలుల్లో చకితక్ల్యా అనే కాలితో తొక్కే నాగలి తప్ప మరో సాధనం పనికిరాదు. పొడవాటి కర్ర చివర ఇనుప నాలుక, పాదం ఆనించడానికి అడ్డుకర్ర, పట్టుకోవడానికి ఒక పిడి దానికుంటాయి. ఇద్దరు మగవాళ్ళు పక్కపక్కన నిలబడి ఒకేసారి తొక్కి గడ్డితో సహా మట్టిబెడ్డను పైకెత్తితే, ఎదురుగా కూర్చున్న మూడో మనిషి, తరచుగా ఒక స్త్రీ లేదా కుర్రవాడు, దాన్ని చేతులతో తిరగేస్తారు. ఒంటరిగా ఈ పని సాగదు. అందుకే దున్నకానికి ముందు రోజుల్లో ఇంటి యజమాని, యజమానురాలు బంధువుల ఇళ్ళకూ ఇరుగుపొరుగుకూ వెళ్ళి సాయం అడుగుతారు. ఆ అడగడానికీ ఒక మర్యాద ఉంది. చేతిలో నమలడానికి కొంచెం కోకా ఆకు, కొన్నిసార్లు ఒక గుక్కెడు మద్యం లేకుండా వెళ్ళరు.

ఇలా ఇచ్చిపుచ్చుకునే శ్రమను ఐని అంటారు. మన పల్లెల్లో రైతులు ఒకరి చేలో ఒకరు బదులు పనికి వెళ్ళడం తెలిసినవారికి ఇది కొత్తగా ఉండదు; కానీ ఆండీస్‌లో అది వ్యవసాయ పనికే పరిమితం కాలేదు. ఒక రోజు దున్నకానికి ఒక రోజు దున్నకమే తిరిగి ఇవ్వాలి, ఇంటి కప్పు వేసినదానికి ఇంటి కప్పు, పండుగకు తెచ్చిన బీరు పెట్టెకు మరో పండుగలో బీరు పెట్టె. ఎవరెవరికి ఎంత బాకీ ఉందో కాగితం మీద రాయకపోయినా ఇంటి ఇల్లాలికి కచ్చితంగా గుర్తుంటుంది. బయటివారు దీన్ని ఉదారతగా, పరోపకారంగా పొగుడుతారు. అది పొరపాటు. ఐని దానం కాదు, బాధ్యత. తిరిగి ఇవ్వనివాడికి మరుసటి ఏడు ఎవరూ రారు. కొండ మీద మనుషులు రాకపోవడమంటే పంట లేకపోవడమే.

ఐనికి తోడు మరో రెండు పద్ధతులున్నాయి. మింకా అంటే పనికి బదులుగా కడుపునిండా భోజనమూ, చిచా అనే, మొక్కజొన్నను పులియబెట్టి చేసే బీరూ, కొంత పంట ఇచ్చి పిలుచుకోవడం. ఎక్కువ భూమి ఉన్నవారూ, శ్రమను శ్రమగా తిరిగి ఇవ్వలేని ముసలివారూ, వితంతువులూ దీన్ని ఆశ్రయిస్తారు. ఫయెనా అనే స్పానిష్ పేరుతో పిలిచేది ఊరంతటి పని. కాలువ పూడిక తీయడం, దారి బాగు చేయడం, బడి గోడ కట్టడం దాని కిందికి వస్తాయి. ప్రతి ఇంటి నుంచీ ఒకరు రావాలి, రాకపోతే జరిమానా. కుస్కో ప్రాంతంలోనే అపురిమాక్ నది మీద కెస్వచాకా అనే గడ్డితాళ్ళ వంతెనను నాలుగు గ్రామాలు ఏటా జూన్‌లో కలిసి కొత్తగా అల్లుతాయి. ప్రతి ఇల్లూ తన వంతు తాడును పేని తెస్తుంది. 2020లో మహమ్మారి వల్ల ఆ పని జరగలేదు; 2021 మార్చిలో పాత వంతెన నదిలో పడిపోయింది; ఆ జూన్‌లోనే గ్రామస్తులు మళ్ళీ అల్లారు. ఉమ్మడి శ్రమ ఆగితే ఏమవుతుందో అంత స్పష్టంగా కళ్ళకు కట్టే ఉదాహరణ మరొకటి దొరకదు.

ఇందులో అసమానత లేదనుకోకూడదు. బంధుబలం ఉన్న ఇంటికి పనివాళ్ళు ముందుగా దొరుకుతారు. కొడుకులు లేని ఇల్లు, భర్త పట్నం వెళ్ళిన ఇల్లు బాకీ తీర్చలేక వెనకబడతాయి. పనికి వచ్చిన పదిహేను మందికి వండిపెట్టే స్త్రీ శ్రమ బాకీల లెక్కలో పూర్తిగా కనబడదు. ఆమె తెల్లవారకముందే లేచి, యూకలిప్టస్ పుల్లలతో మట్టిపొయ్యి రాజేసి, చున్యో అనే ఎండబెట్టిన దుంప వేసిన పులుసు పెట్టి, దుంపలు ఉడకబెట్టి, మిరపకాయలను రాతి మీద నూరి, ఆ మూటను వీపున కట్టుకుని చేను దాకా కొండెక్కుతుంది. వంటింటి మూల పొయ్యి వెచ్చదనంలో తిరిగే గినీ పందులనే చిన్న ఎలుకజాతి జంతువులను మేపేదీ ఆమే. పండుగ రోజున అవే మాంసాహారం. నడుస్తూ ఉన్నప్పుడు కూడా ఆమె చేతిలో కదురు తిరుగుతూనే ఉంటుంది. మగవాళ్ళు కూడా వడుకుతారు, చెవులు కప్పే టోపీలు అల్లుతారు. కానీ నడుముకు కట్టుకుని నేసే మగ్గం మీద ఊరి గుర్తుగా నిలిచే రంగుల గుడ్డలు నేసేది ఎక్కువగా స్త్రీలే.

ఇంతవరకు మనుషుల మధ్య లెక్క చూశాం. ఆ ఊళ్ళలో ఆ లెక్క మనుషుల దగ్గర ఆగదు. పని మొదలయ్యే ముందు, మధ్యాహ్నపు విరామంలో, సాయంత్రం అందరూ కూర్చుని కోకా నములుతారు. చెడని మూడు ఆకులను ఏరి, కొసలు కలిపి పట్టుకుని, నోటి ముందు ఉంచి మెల్లగా ఊదుతారు. ఆ ఊపిరి నేలతల్లి పచమామకూ, అపులు అనే కొండదేవుళ్ళకూ చేరుతుందని వారి నమ్మకం. ఆ ఆకులను ముందు పక్కవారికిచ్చి, తర్వాత తాము నములుతారు. చలినీ ఆకలినీ అలసటనూ ఓర్చుకోవడానికి ఆకు తోడ్పడుతుంది. ఆకు నమలడమూ, దాని నుంచి రసాయనాలతో తీసే కొకైన్ మత్తూ ఒకటి కావని ఇక్కడ గుర్తుంచుకోవాలి. చల్లని ఈ ఊళ్ళలో కోకా పండదు. తూర్పు వైపు వెచ్చని లోయల నుంచి అది రావాలి. ఆ విధంగా మంత్రపు ఆకు కూడా ఎత్తుల మధ్య మార్పిడిలో భాగమే. దగ్గర్లోని లారెస్ లోయ సంతల్లో స్త్రీలు పై నేలల దుంపలనూ కింది నేలల పండ్లనూ నగదు లేకుండా ఇప్పటికీ మార్చుకుంటారు.

ఆగస్టు మొదటి రోజుల్లో నేల నోరు తెరిచి ఉంటుందని నమ్మి, కుటుంబాలు నైవేద్యం సమర్పిస్తాయి. తెల్ల కాగితం మీద కోకా ఆకులు, లామా కొవ్వు, గింజలు, మిఠాయిలు, రంగుల ఉన్ని పోగులు వరుసగా అమర్చి, మూట కట్టి, నిప్పులో వేస్తారు. 6,384 మీటర్ల ఔసంగతె శిఖరం ఆ ప్రాంతంలో పెద్ద అపు. నీళ్ళూ పశువులూ ఆయన చలవేనని అనుకుంటారు. భక్తి ఇందులో ఉంది, కానీ మన పూజల్లో మాదిరి శరణాగతి ఇక్కడ ప్రధానం కాదు. నేల తిండి పెట్టింది కాబట్టి నేలకు తిండి పెట్టాలి. పెట్టకపోతే బాకీ మిగిలిపోతుంది. పక్కింటివాడితో ఉన్న ఐనియే కొండతోనూ ఉంది. వ్యవసాయాన్ని ఒక అధ్యాయంలో, మతాన్ని మరో అధ్యాయంలో పెట్టి రాసిన వర్ణనలు ఈ ఊళ్ళను అర్థం చేసుకోలేకపోవడానికి కారణం ఇదే.

కాలాన్ని చదవడంలోనూ ఈ కలయిక కనబడుతుంది. జూన్ చివరలో, సెయింట్ జాన్ పండుగ దినాల్లో, తెల్లవారుజామున రైతులు కొండ మీదికి వెళ్ళి కృత్తికా నక్షత్రాలను చూస్తారు. అవి ప్రకాశవంతంగా, పెద్దవిగా కనబడితే వానలు బాగుంటాయనీ, మసకగా ఉంటే ఆలస్యమవుతాయనీ భావించి, మసక ఏడాది దుంప నాటడాన్ని వెనక్కి జరుపుతారు. బెంజమిన్ ఓర్లవ్, జాన్ చియాంగ్, మార్క్ కేన్ అనే శాస్త్రవేత్తలు 2000 సంవత్సరంలో నేచర్ పత్రికలో దీన్ని పరిశీలించి రాశారు. ఎల్‌నీనో ఏడాదుల్లో చాలా ఎత్తున పలుచని మేఘాలు పెరిగి నక్షత్రాలను మసకబారుస్తాయి. ఆ ఏడాదుల్లోనే కొన్ని నెలల తర్వాత వచ్చే వానలు తగ్గుతాయి. రైతుల పరిశీలనకు భౌతికమైన కారణం ఉందని అలా తేలింది.

అదే జూన్, జులై నెలల్లో పగలు మండే ఎండ, రాత్రి గడ్డకట్టే చలి ఉంటాయి. ఆ చలి పంటను చంపే శత్రువైతే, పంట ఇంటికి చేరాక తిండిని కాపాడే సాధనం అవుతుంది. దుంపలను గడ్డినేల మీద పరిచి కొన్ని రాత్రులు చలికి వదిలి, పగలు ఎండకు కరిగాక పాదాలతో తొక్కి నీళ్ళు పిండి, మళ్ళీ ఎండబెడతారు. గులకరాయిలా చిన్నగా, చేతికి తేలికగా మారిన ఆ నల్లని చున్యో ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. వారాల పాటు వాగులో నానబెట్టి తెల్లగా చేసిన రకాన్ని మొరయా అంటారు. చలికి తట్టుకునే చేదు దుంపల్లో ఉండే విషపు పదార్థాలు ఈ ప్రక్రియలో చాలావరకు కొట్టుకుపోతాయి. లేకపోతే అవి తినడానికి పనికిరావు. పొలాల చెదురు ఒకే ఏడాదిలోని నష్టాన్ని స్థలాల మధ్య పంచితే, చున్యో ఒక ఏడాది మిగులును మరో ఏడాది కొరతకు చేరవేస్తుంది. దుంపలు తవ్వే రోజుల్లో మాత్రం పొదుపు పక్కన పెడతారు. చేలోని మట్టిబెడ్డలతోనే చిన్న గోపురంలా బట్టీ కట్టి, ఎర్రగా కాల్చి, దుంపలు లోపల వేసి, బట్టీని వాటి మీదే కూల్చి కప్పేస్తారు. వాతియా అనే ఆ వంటను పొలంలోనే, మట్టి దులుపుకుంటూ, వేడిగా తింటారు.

ఇదంతా ఇన్కాల కాలం నుంచి చెక్కుచెదరకుండా వచ్చిందనుకుంటే మనం చరిత్రను తప్పిపోయినట్టే. 1570 దశకంలో స్పానిష్ రాజప్రతినిధి ఫ్రాన్సిస్కో దె తొలేదో చెదురుగా బతుకుతున్న ప్రజలను బలవంతంగా కూడలి గ్రామాలకు చేర్చాడు. ఇప్పటి చాలా ఊళ్ళ ఆకృతి అప్పుడు పడింది. వెండి పొన్నులు వేసిన దండం పట్టుకుని తిరిగే ఊరి పెద్ద వరయోక్ పదవిలోని ఆ దండం స్పానిష్‌వారు తెచ్చింది. గొర్రెలు, ఎద్దులు, బార్లీ, పెద్ద చిక్కుళ్ళు, పొయ్యిలోకి వాడే యూకలిప్టస్, ఊరి పండుగ జరిపే పునీతులు, స్త్రీల గుండ్రని పావడాలు, ఇవన్నీ బయటి నుంచి వచ్చి కలిసినవే. 1780, 81లో స్పానిష్ పాలన మీద తుపాక్ అమారు నడిపిన తిరుగుబాటును అణచివేశాక వలస ప్రభుత్వం క్వెచువా భాషనూ, ఇన్కా వేషాన్నీ నిషేధించబోయింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా పై నేలల్లో పెద్ద భాగం భూస్వాముల ఎస్టేట్లలో ఉండేది. ఒక ముక్క సాగు చేసుకునే హక్కు కోసం రైతులు వారంలో కొన్ని రోజులు జీతం లేకుండా దొర పొలంలో పనిచేసేవారు, వంతులవారీగా దొర ఇంట్లో చాకిరీ చేసేవారు.

1969 జూన్ 24న జనరల్ హువాన్ వెలాస్కో ప్రభుత్వం వ్యవసాయ సంస్కరణ చట్టం తెచ్చి ఆ ఎస్టేట్లను స్వాధీనం చేసుకుంది. ముందు సహకార సంఘాలుగా పెట్టిన భూములను తర్వాతి ఏళ్ళలో రైతులే విడగొట్టి తమ గ్రామ సముదాయాల కిందికి తెచ్చుకున్నారు. ఈనాడు పర్యాటకులకు ప్రాచీనంగా కనిపించే గ్రామసభకు తన నేల మీద చట్టబద్ధమైన అధికారం చాలాచోట్ల అప్పుడే దక్కింది. 1975లో క్వెచువాకు అధికార భాష హోదా ఇచ్చారు. చదువురానివారికి ఓటు హక్కు మాత్రం 1979 రాజ్యాంగంతోనే వచ్చింది. స్పానిష్ చదవలేని కారణంగా అంతవరకు కొండల రైతుల్లో అత్యధికులకు ఎన్నికలతో సంబంధమే లేదు. ఆ తర్వాతి రెండు దశాబ్దాలు మరింత దారుణం. షైనింగ్ పాత్ అనే మావోయిస్టు దళపు తిరుగుబాటుకూ ప్రభుత్వ సైన్యానికీ మధ్య 1980 నుంచి 2000 దాకా సాగిన హింసలో సుమారు 69 వేల మంది చనిపోయారనీ, బాధితుల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు క్వెచువా లేదా మరో ఆదివాసీ భాష మాతృభాషగా ఉన్నవారనీ సత్యాన్వేషణ కమిషన్ 2003లో అంచనా వేసింది. అయకూచో ప్రాంతం అందరికన్నా ఎక్కువగా నష్టపోయింది. ఈ గ్రామాల గురించి రంగుల దుస్తులూ పండుగలూ మాత్రమే రాసి ఈ సంగతి వదిలేయడం అన్యాయం.

ఇప్పటి ముప్పు ఎత్తుకు సంబంధించినది. వేడి పెరగడంతో ఆకులను మాడ్చే లేట్ బ్లైట్ తెగులూ, దుంపను తొలిచే ముక్కుపురుగూ ఇదివరకు చేరని ఎత్తులకు చేరుతున్నాయి. స్థానిక దుంపలు వేసే కింది హద్దు సుమారు ముప్పై ఏళ్ళలో రెండు వందల మీటర్లు పైకి జరిగిందని పిసాక్ గ్రామాల రైతులు చెబుతున్నారు. కొండ పైకి పోయే కొద్దీ నేల తగ్గుతుంది, రాయి పెరుగుతుంది, పశువుల మేతభూమితో పోటీ వస్తుంది. చెదురు పొలాలతో, కలగలుపు విత్తనాలతో ఒక ఏడాది హెచ్చుతగ్గులను ఈ పద్ధతి బాగా తట్టుకుంటుంది. అన్ని ఎత్తులూ ఒకే దిశలో మారిపోతుంటే అది అంతగా పనిచేయదు. ఔసంగతె సమీపంలో సినకారా లోయలోని హిమానీనదం వద్ద జరిగే కొయ్యుర్ రితి యాత్రలో ఎలుగుబంటి వేషం వేసిన ఉకుకులు పైనుంచి మంచుగడ్డలను మోసుకొచ్చి ఊళ్ళకు తీసుకెళ్ళేవారు. మంచు తగ్గిపోతుండటంతో ఆ మోత ఆపేశారు. కొండకు బాకీ తీర్చేవారికి ఇది ఆచారం మానుకోవడం కాదు, దేవుడి దేహం కరుగుతున్నప్పుడు దాన్ని ముట్టకుండా ఉండటం.

ఈ మార్పుకు గ్రామాలు చూపిన జవాబుల్లో గట్టిది బంగాళదుంప పార్కు. 2000 దశకం తొలి ఏళ్ళలో పిసాక్ పైనున్న గ్రామాలు తొమ్మిది వేల హెక్టార్లకు పైగా ఉన్న తమ భూములను కలిపి ఒకే పరిరక్షణ ప్రాంతంగా నడపాలని నిర్ణయించుకున్నాయి. అంతర్జాతీయ బంగాళదుంప కేంద్రం దశాబ్దాల క్రితం సేకరించి దాచిన విత్తనాల్లో కొన్ని ఊళ్ళలో కనుమరుగయ్యాయి. 2004లో ఆ కేంద్రంతో కుదిరిన ఒప్పందం ప్రకారం 410 రకాలు, తెగుళ్ళు తొలగించిన విత్తనాలుగా, తిరిగి రైతుల చేతికి వచ్చాయి. ఇప్పుడు అక్కడ వెయ్యికి పైగా రకాలు సాగులో ఉన్నాయి. ఏ రకం ఏ ఎత్తున నిలుస్తుందో వేర్వేరు హద్దుల్లో నాటి రైతులే పరీక్షిస్తున్నారు; శాస్త్రవేత్తలు వారితో కలిసి పనిచేస్తున్నారు. పరిశోధనా సంస్థ విత్తనం తీసుకుపోవడమే తప్ప తిరిగి ఇవ్వడం అరుదుగా ఉన్న చోట, ఈ ఒప్పందాన్ని రైతులు సంస్థతో కుదిరిన ఐనిగా చూడటంలో ఆశ్చర్యం లేదు.

అయినా విత్తనం ఒక్కటే చాలదు. ఎనిమిది ముక్కల పొలం నడవాలంటే చేతులు కావాలి. యువకులు చదువు కోసం, కూలి కోసం కుస్కోకూ లిమాకూ వెళుతున్నారు. మరికొందరు యాత్రికుల సామాను మోసే పనిలో ఉన్నారు. ఇంట్లో మిగిలిన తల్లిదండ్రులు దూరపు ముక్కలను ముందు వదిలేస్తారు, అంటే చెడ్డ ఏడాదికి రక్షణగా ఉన్న ముక్కలే ముందు పోతాయి. కూలి డబ్బు ఇంటికి వచ్చి బియ్యం, నూడుల్స్ కొనిస్తుంది, ఆకలిని ఆపుతుంది. కానీ ఐనికి వెళ్ళలేని ఇల్లు డబ్బిచ్చి మనుషులను పెట్టుకోవడం మొదలుపెట్టాక పక్క ఇంటికి కూడా అదే దారి అవుతుంది. పట్నంలో ఉన్నవారు ఫయెనా నాడు రాలేక జరిమానా కట్టేస్తే, గ్రామసభ దాన్ని ఒప్పుకోవాలా, హక్కు రద్దు చేయాలా అన్నది చాలా ఊళ్ళలో తెగని తగాదా. పట్నంలో పెరిగే పిల్లలతో క్వెచువాలో మాట్లాడటానికి సిగ్గుపడే తల్లిదండ్రులున్నారు. పిల్లలకు రెండు భాషల్లోనూ పాఠాలు చెప్పే బడులున్నాయి గానీ, వాటికి క్వెచువా బాగా వచ్చిన ఉపాధ్యాయులు చాలరు. పండుగకు మాత్రం పట్నంవారు తిరిగి వస్తారు, నృత్య బృందాల ఖర్చు భరిస్తారు, పాత బాకీలు బీరు పెట్టెల్లో తీరుస్తారు. దున్నకం రోజున వాలు మీద నిలబడి నాగలి తొక్కడానికి ఎంతమంది వస్తారన్నదాని మీదే పై నేలల సాగు ఆధారపడి ఉంది. అందుకే ఇప్పుడు ఆ గ్రామసభల్లో విత్తనాల కన్నా, మేత భూమి కన్నా ఎక్కువసేపు చర్చకు వచ్చేది ఊళ్ళో లేనివారి వంతు పని సంగతే.